గుండె నుంచి మెదడు దాకా: ఒక సిస్టమిక్ పాథాలజీ ఆన్‌లైన్ కోర్సుపై సమీక్ష

వ్యాధుల సాధారణ సూత్రాలు చెప్పే జనరల్ పాథాలజీ పూర్తిచేసి, ఒక్కో అవయవ వ్యవస్థకు వచ్చే సాధారణ వ్యాధులను వరుసగా చదవవలసిన విద్యార్థుల కోసం తయారైన ఆన్‌లైన్ కోర్సు ఇది. రికార్డు చేసిన పాఠాలు, వ్యాధి సోకిన అవయవాల ఛాయాచిత్రాలు, స్కానర్ ద్వారా డిజిటల్ రూపంలోకి మార్చిన హిస్టాలజీ (కణజాల) స్లైడ్లు, ప్రతి అధ్యాయం చివర ఒక రోగి వృత్తాంతాన్ని ఇచ్చి అడిగే ప్రశ్నలు ఇందులో ఉన్నాయి. గుండె, రక్తనాళాలతో మొదలై ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, కాలేయం, జీర్ణనాళం, థైరాయిడ్, రొమ్ము, గర్భాశయం, లింఫ్ గ్రంథుల మీదుగా మెదడు వరకు సాగుతుంది. చందా కట్టి మొత్తం చూసిన మీదట నాకు కలిగిన అభిప్రాయం ఇది: వ్యాధిని కాలక్రమంలో నడిచే ప్రక్రియగా చూపించిన అధ్యాయాలన్నీ చాలా బాగున్నాయి, వ్యాధులను వర్గీకరించి పేరు నిర్ణయించవలసిన అధ్యాయాలకు వచ్చేసరికి మాత్రం పాఠం చప్పబడింది, కొన్నిచోట్ల పాతబడింది కూడా.

సిస్టమిక్ పాథాలజీని మనలో చాలామంది జాబితాలుగానే చదువుతాం. కారణాలు ఇన్ని, కంటికి కనిపించే మార్పులు ఇన్ని, మైక్రోస్కోప్ కింద కనిపించేవి ఇన్ని, ఉపద్రవాలు ఇన్ని. పరీక్ష గట్టెక్కడానికి ఆ పద్ధతి సరిపోవచ్చు గానీ, గుండెపోటు నుంచి తేరుకుంటున్నట్టే కనిపించిన రోగి అయిదో రోజున హఠాత్తుగా ఎందుకు కుప్పకూలాడో జాబితా చెప్పలేదు. ఈ కోర్సు మొదటి అధ్యాయమే ఆ ప్రశ్నతో ప్రారంభమవుతుంది.

గుండె కండరానికి రక్త ప్రసరణ తీవ్రంగా తగ్గిపోయిన 20 నుంచి 40 నిమిషాల్లో కణాలు ఇక కోలుకోలేని స్థితికి చేరడం మొదలవుతుంది. అయితే తొలి గంటల్లోనే మరణించిన వ్యక్తి గుండెను కోసి చూస్తే కంటికి ఏ మార్పూ కనిపించదు. దెబ్బతిని రెండు మూడు గంటలు గడిచాక మాత్రం గుండె ముక్కలను ట్రైఫినైల్ టెట్రాజోలియం క్లోరైడ్ ద్రావణంలో ముంచితే, బతికున్న కండరం ఇటుక రంగుకు తిరుగుతుంది, చచ్చిన భాగం పాలిపోయి మిగిలిపోతుంది. కణపొర చిరిగిన కణాల్లోంచి డీహైడ్రోజినేజ్ ఎంజైములు బయటికి కారిపోవడమే అందుకు కారణం. రంగు వేయకముందూ వేసిన తర్వాతా తీసిన రెండు చిత్రాలను పక్కపక్కన ఉంచి, వ్యాఖ్యానం ఆపి, చూసుకోవడానికి కాస్త వ్యవధి ఇచ్చారు. ఇటువంటి సంయమనం వీడియో పాఠాల్లో అరుదు.

ఆ తర్వాత వచ్చే అభ్యాసం కోర్సు మొత్తంలో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి. వేర్వేరు వయసుల ఇన్‌ఫార్క్షన్ (రక్తం అందక చచ్చిన కండర భాగం) స్లైడ్లను తేదీ చెప్పకుండా కలిపి ఇచ్చి, కాలక్రమంలో అమర్చమంటారు. అలల్లా వంగిన పోగులు, గులాబీ రంగు ముదిరి కేంద్రకాలు మాయమవుతున్న కణాలు మొదటి రోజువి. పోగుల మధ్య న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు కిక్కిరిసి ఉంటే ఒకటి నుంచి మూడు రోజులు. న్యూట్రోఫిల్స్ చితికిపోయి, శిథిలాలను మింగే మాక్రోఫేజులు చచ్చిన పోగులను తొలగిస్తుంటే మూడు నుంచి ఏడు రోజులు. సన్నని కొత్త రక్తనాళాలతో గ్రాన్యులేషన్ కణజాలం కనిపిస్తే వారం దాటినట్టు. కణాలు పలచబడి కొల్లాజెన్ గట్టిపడిన మచ్చ అయితే రెండు నెలలు కావస్తున్నట్టు. ఈ వరుసను సొంతంగా పేర్చిన విద్యార్థికి మొదటి ప్రశ్నకు జవాబు తనంత తానే దొరుకుతుంది: మాక్రోఫేజులు పాత కణజాలాన్ని తీసేసిన తర్వాత, కొత్త కొల్లాజెన్ ఇంకా పడకముందు, గుండె గోడ అత్యంత మెత్తగా ఉండే రోజులవి. గోడ బయటికి చీలితే గుండె చుట్టూ ఉండే సంచి (పెరికార్డియం)లో రక్తం నిండి గుండె కొట్టుకోలేకపోతుంది. జఠరికల నడిమి గోడ చీలితే ఎడమ నుంచి కుడికి రక్తం పారుతుంది. కవాటాన్ని పట్టి ఉంచే పాపిల్లరీ కండరం తెగితే మైట్రల్ కవాటం ఒక్కసారిగా కారడం మొదలవుతుంది. మూడు ఉపద్రవాలకూ మూలం ఆ మెత్తదనమే.

ఒక్క లోటు చెప్పాలి. పైన చెప్పిన కాలక్రమం రక్తనాళం మళ్లీ తెరుచుకోని ఇన్‌ఫార్క్షన్‌కు వర్తిస్తుంది. మూసుకున్న నాళాన్ని స్టెంటుతోనో గడ్డను కరిగించే మందుతోనో తెరిచిన గుండెలో దృశ్యం మారుతుంది: రక్తస్రావం, కండర పోగులకు అడ్డంగా ముదురు గులాబీ చారల్లా కనిపించే కాంట్రాక్షన్ బ్యాండ్లు అక్కడ ప్రధానం. పాఠం ఆ సంగతి ప్రస్తావించి వదిలేసింది. చికిత్స అందిన గుండెలే ఎక్కువగా ఎదురయ్యే కాలంలో ఈ భాగానికి ఇంకొంత స్థలం ఇవ్వవలసింది. ధమనుల గోడల్లో కొవ్వు ఫలకాలు పేరుకునే అథిరోస్క్లిరోసిస్ పాఠం మాత్రం నిండుగా ఉంది. నాళాన్ని సగానికి పైగా మూసిన పాత గట్టి ఫలకం కంటే, అంతగా మూయకపోయినా పలుచని పైకప్పు కింద కొవ్వు, మాక్రోఫేజులు నిండిన ఫలకమే చిట్లి గుండెపోటు తెచ్చే ప్రమాదం ఎక్కువని స్లైడ్ల సాయంతో చూపించారు. ట్రెడ్‌మిల్ పరీక్ష బాగానే వచ్చిన వ్యక్తికి ఆ తర్వాత గుండెపోటు రావడం ఎలా సాధ్యమో దీన్ని చూస్తే అర్థమవుతుంది. రుమాటిక్ గుండె జబ్బును ఆషాఫ్ బాడీ (ఆ జబ్బులో కనిపించే ప్రత్యేక కణ గుంపు) ఒకటి, చేప నోరులా ఇరుకైన మైట్రల్ కవాటం ఒకటి చూపి తొందరగా ముగించారు.

ఊపిరితిత్తుల అధ్యాయం మిశ్రమంగా ఉంది. ఊపిరితిత్తి తమ్మె మొత్తాన్ని పట్టే లోబార్ న్యుమోనియాను పాత పద్ధతిలో నాలుగు దశలుగా చెబుతూనే, యాంటీబయాటిక్స్ వచ్చిన తర్వాత ఆ దశలు అదే క్రమంలో, అంత స్పష్టంగా కనిపించడం అరుదని నిజాయితీగా చెప్పారు. గాలి గదుల గోడలు నశించే ఎంఫిసీమా పాఠం బాగుంది: పొగతాగేవారిలో అసైనస్ (శ్వాసనాళం కొసన ఉండే గాలి గదుల గుంపు) మధ్యభాగం, అదీ ఊపిరితిత్తి పైభాగంలో ఎక్కువగా దెబ్బతినడం, ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ లోపం ఉన్నవారిలో అసైనస్ మొత్తం, అదీ కింది భాగంలో ఎక్కువగా దెబ్బతినడం, రెండింటినీ కోసిన ఊపిరితిత్తుల మీద చూపించి, ప్రోటియేజ్ ఎంజైములకూ వాటి నిరోధకాలకూ మధ్య తప్పిన సమతూకంతో రెండింటినీ కలిపారు. క్రానిక్ బ్రాంకైటిస్‌ను మాత్రం వరుసగా రెండేళ్లపాటు ఏటా కనీసం మూడు నెలలు కఫంతో కూడిన దగ్గు ఉండటం అనే నిర్వచనానికీ, శ్వాసనాళం గోడలో శ్లేష్మ గ్రంథుల మందాన్ని కొలిచే రీడ్ సూచికకూ పరిమితం చేశారు. క్షయ గురించి తర్వాత చెబుతాను, ఎందుకంటే అక్కడి ఇబ్బంది పాఠానిది కాక స్లైడ్ చూపించే సాఫ్ట్‌వేర్‌ది.

కోర్సులో అన్నిటికంటే బాగా తీర్చిదిద్దిన అధ్యాయం మూత్రపిండాలది. రక్తాన్ని వడపోసే కేశనాళికల ఉండ అయిన గ్లోమెరులస్ వ్యాధులంటే విద్యార్థులకు ఉన్న బెదురు తెలిసిందే. ఇక్కడ ఒకే బయాప్సీని తెర మీద మూడు గడుల్లో చూపుతారు: ఒకదాంట్లో మామూలు మైక్రోస్కోప్ దృశ్యం, రెండోదాంట్లో ఇమ్యునోఫ్లోరసెన్స్ (యాంటీబాడీ నిక్షేపాలను మెరిసేలా చేసే పద్ధతి), మూడోదాంట్లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ చిత్రం. ముఖం, కాళ్లు వాచి, మూత్రంలో విపరీతంగా ప్రోటీన్ పోతున్న పిల్లవాడి బయాప్సీలో మొదటి గడి దాదాపు మామూలుగా ఉంటుంది, రెండో గడి చీకటిగా ఉంటుంది, మూడో గడిలో మాత్రం వడపోత గోడను వెలుపలి నుంచి కప్పే పోడోసైట్ కణాల పాదాలు కలిసిపోయి చదునుగా పరుచుకుని ఉంటాయి. మినిమల్ చేంజ్ వ్యాధికి ఆ పేరు ఎలా వచ్చిందో వేరే వివరణ అక్కర్లేదు. పక్కనే మెంబ్రనస్ నెఫ్రోపతీ పెడితే తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది: కేశనాళిక గోడలోని బేస్‌మెంట్ పొర మందమవుతుంది, సిల్వర్ స్టెయిన్‌లో ముళ్లలాంటి మొనలు లేస్తాయి, ఐజీజీ యాంటీబాడీ గింజలు గింజలుగా మెరుస్తుంది. ఇతర కారణమేదీ లేకుండా వచ్చే మెంబ్రనస్ కేసుల్లో ఎక్కువ భాగానికి పోడోసైట్ మీది పీఎల్‌ఏ2ఆర్ అనే గ్రాహకంపై తయారయ్యే యాంటీబాడీ కారణమని 2009లో వెల్లడైన సంగతినీ, ఆ యాంటీబాడీని రక్తంలోనే కొలవగలిగే పరీక్ష వైద్యాన్ని ఎలా మార్చిందన్న సంగతినీ క్లుప్తంగా, సరిగ్గా చెప్పారు.

ఈ అధ్యాయంలోని అసలు మేలు మరొకటి. యాంటీబాడీల నిక్షేపం ఎక్కడ పడిందనే దాన్నిబట్టి రోగి లక్షణాలను ఊహించడం నేర్పుతారు. బేస్‌మెంట్ పొరకు వెలుపల, పోడోసైట్ వైపు పడిన నిక్షేపాన్ని రక్తంలోని తెల్లకణాలు చేరుకోలేవు కాబట్టి ప్రోటీన్ కారడమే ప్రధానమవుతుంది. రక్తనాళపు లోపలి పొర (ఎండోథీలియం) వైపు పడితే తెల్లకణాలు వెంటనే చేరి గ్లోమెరులస్‌ను కలతపెడతాయి, మూత్రంలో రక్తం వస్తుంది. ఆలోచించే విద్యార్థికి వెంటనే ఒక అభ్యంతరం తడుతుంది: స్ట్రెప్టోకాకస్ గొంతు నొప్పి తర్వాత కొద్ది వారాలకు వచ్చే గ్లోమెరులోనెఫ్రైటిస్‌లో పేరుమోసిన మూపురాల్లాంటి నిక్షేపాలు వెలుపలి వైపే కదా ఉండేది, మరి అక్కడ ఇంత కలత ఎలా వచ్చింది? పాఠం ఈ అభ్యంతరాన్ని దాటవేయకుండా తానే లేవనెత్తి, వ్యాధి తొలిదశలో ఎండోథీలియం వైపు కూడా నిక్షేపాలు ఉంటాయని, కాంప్లిమెంట్ అనే రక్షణ ప్రోటీన్ల వ్యవస్థను కదిలించేది ప్రధానంగా అవేనని వివరించింది. గ్లోమెరులస్‌లో నెలవంకలా పేరుకునే క్రెసెంట్ల విషయంలోనూ ఇదే శ్రద్ధ కనిపించింది: కేశనాళిక గోడ చిరిగి గడ్డకట్టే ప్రోటీన్ ఫైబ్రిన్ చుట్టూ ఉన్న బౌమన్ ఖాళీలోకి కారితేనే అవి ఏర్పడతాయి కాబట్టి, క్రెసెంట్ ఒక వ్యాధి పేరు కాదని, దెబ్బ ఎంత తీవ్రమైందో తెలిపే గుర్తని స్పష్టం చేశారు. మధుమేహ మూత్రపిండంలో 1936లో కిమెల్‌స్టీల్, విల్సన్ వర్ణించిన గుండ్రని ముద్దలను పీఏఎస్ రంగులో చూపిస్తూ, లోపలికి వచ్చే ధమనికతోపాటు బయటికి పోయే ధమనిక కూడా గాజులా మందమవడం మధుమేహాన్ని సూచిస్తుందని గమనింపజేయడం చిన్న విషయమే అయినా వైవా (మౌఖిక పరీక్ష)లో పనికొస్తుంది.

కాలేయం పాఠంలో సిరోసిస్ భాగం ఒక్కటే ఆ స్థాయికి వచ్చింది. కాలేయ కణాలకూ రక్తనాళాలకూ మధ్యనుండే డిస్సె ఖాళీలో విటమిన్-ఎ దాచుకుని నిశ్శబ్దంగా ఉండే స్టెల్లేట్ కణాలు మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి కొల్లాజెన్ తయారుచేయడం, సైనుసాయిడ్లనే సన్నని రక్తనాళాల గోడలోని రంధ్రాలు మూసుకుపోవడం, మిగిలిన కాలేయ కణాలు ముడులుగా పెరగడం, ఆ ఇరుకులో పేగుల నుంచి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో పీడనం పెరిగి అన్నవాహిక సిరలు ఉబ్బడం అంతా ఒకే కథగా చెప్పారు. కారణాన్ని తొలగిస్తే పీచు కణజాలం కొంత మేరకు కరిగే అవకాశం ఉందని చెప్పడం మరచిపోలేదు. కామెర్ల భాగం బైలిరుబిన్ పట్టికతో సరిపుచ్చారు. వైరల్ హెపటైటిస్ ఇంకా హడావిడిగా నడిచింది: హెపటైటిస్ బిలో గరుకు అద్దంలా కనిపించే కణం ఒక్క చిత్రం, సిలో పోర్టల్ ప్రాంతపు లింఫోసైట్ గుంపు ఒక్క చిత్రం, అంతే. మద్యం వల్ల వచ్చిన కొవ్వు కాలేయమూ, ఊబకాయం, మధుమేహాలతో వచ్చినదీ స్లైడ్ మీద ఒకేలా ఉండగలవని, రోగి చరిత్ర తెలియకుండా తేల్చలేమని ఒప్పుకున్నందుకు మాత్రం మెచ్చుకోవాలి.

జీర్ణనాళంలో రెండు పాఠాలు ప్రత్యేకంగా చెప్పుకోదగ్గవి. మొదటిది జీర్ణాశయంలో నివసించే హెలికోబ్యాక్టర్ పైలోరీ బ్యాక్టీరియా గురించి. దాన్ని కనుగొన్న వారెన్, మార్షల్‌లకు 2005లో నోబెల్ బహుమతి వచ్చిన సంగతి అందరూ చెబుతారు. ఒకే సూక్ష్మజీవి ఒకరికి డ్యుయోడినల్ (చిన్నపేగు మొదటి భాగపు) పుండు, మరొకరికి జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు ఎలా తెస్తుందో చెప్పేవారు తక్కువ. వాపు జీర్ణాశయం కింది భాగమైన ఆంట్రమ్‌కు పరిమితమైతే ఆమ్లం పెరిగి పుండు పడుతుంది; జీర్ణాశయం నడిమి భాగానికి వ్యాపించి ఆమ్లం తయారుచేసే కణాలు నశిస్తే ఆమ్లం తగ్గి, పేగు తరహా కణాలు పుట్టుకొచ్చి, క్యాన్సర్‌కు దారి ఏర్పడుతుంది. ఈ రెండు దారులను రెండు స్లైడ్లతో విడమరిచారు. రెండోది పేగు వాపు వ్యాధులైన క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్‌ల పాఠం. పట్టిక ముందు చూపకుండా, కోసి తెరిచిన పేగు చిత్రాలను చూపి, రెక్టమ్ (పురీషనాళం) నుంచి విడవకుండా పైకి పాకినది ఏదో, మధ్యమధ్య ఆరోగ్యకరమైన భాగాలను వదిలి దూకినది ఏదో విద్యార్థినే గుర్తించమన్నారు. గోడ మొత్తం మందం దెబ్బతిన్నదా, పైపొరకే పరిమితమా అన్నది తర్వాత స్లైడ్ చెబుతుంది. పేగు గ్రంథుల్లో చీము చేరే క్రిప్ట్ ఆబ్సెస్ రెండింటిలోనూ కనిపించవచ్చు కాబట్టి దాని ఆధారంగా తీర్పు చెప్పవద్దన్న హెచ్చరిక విలువైనది. అడెనోమా అనే నిరపాయకర గడ్డ నుంచి క్యాన్సర్ దాకా ఏపీసీ, కేరాస్, టీపీ53 జన్యువుల మార్పులు పేరుకునే క్రమం కూడా ఈ కోర్సు సహజ ధోరణికి సరిపోయే విషయమే కాబట్టి చక్కగా వచ్చింది.

థైరాయిడ్ పాఠంలో ఫాలిక్యులర్ ట్యూమర్ల భాగం చూడదగినది. సూదితో తీసిన కణాలను చూసి పాపిల్లరీ క్యాన్సర్‌ను గాళ్లు పడిన, వెలవెలబోయిన కేంద్రకాల ఆధారంగా చెప్పగలం. ఫాలిక్యులర్ అడెనోమానూ, క్యాన్సర్ అయిన ఫాలిక్యులర్ కార్సినోమానూ ఆ పరీక్షతో విడదీయలేం, ఎందుకంటే తేడా కణంలో లేదు, గుళికలా చుట్టిన పొరను అది దాటిందా, రక్తనాళంలోకి చొరబడిందా అన్నదానిలో ఉంది. ఈ మాట చెప్పి ఊరుకోకుండా, గుళిక చుట్టూ స్లైడ్‌ను పూర్తిగా తిప్పి చొరబాటు జరిగిన ఒక్క చోటును విద్యార్థి చేతనే వెతికించారు. విసుగు పుట్టేంత ఓపిక కావాలి; పాథాలజిస్టు పని ఎలా ఉంటుందో అంతకంటే బాగా చెప్పలేరు. రొమ్ము క్యాన్సర్‌లో నాటింగ్‌హామ్ పద్ధతి ప్రకారం నాళాల అమరిక, కేంద్రకాల వికృతి, కణ విభజనలు ఒక్కోదానికి 1 నుంచి 3 వరకు అంకెలు వేసి, మొత్తం 3–5 అయితే మొదటి గ్రేడు, 6–7 అయితే రెండోది, 8–9 అయితే మూడోది అని నిర్ణయించే అభ్యాసమూ ఉపయోగకరం. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, హెచ్‌పీవీ వైరస్ సంబంధం మామూలు స్థాయిలో ఉన్నాయి.

నా ప్రధాన అసంతృప్తి చివరి రెండు అధ్యాయాల మీద. లింఫ్ కణాల క్యాన్సర్లైన లింఫోమాలను ఒక్కో పేరుకు ఒక చిత్రం, రెండు మార్కర్లు (గుర్తుపట్టే ఆనవాళ్లు) చొప్పున ఏకరువు పెట్టారు: హాడ్జ్‌కిన్ లింఫోమాలోని రీడ్-స్టెర్న్‌బెర్గ్ కణానికి సీడీ15, సీడీ30, బర్కిట్ లింఫోమాకు నక్షత్రాల ఆకాశంలాంటి దృశ్యం, 8, 14 క్రోమోజోముల మార్పిడి. లింఫ్ గ్రంథిలోని ఏ ప్రాంతంలో, బి కణం ఎదుగుదలలోని ఏ మెట్టు దగ్గర తప్పు జరిగితే ఏ లింఫోమా వస్తుందో ఒక్క బొమ్మతో మొదలుపెట్టి ఉంటే, ఈ పేర్లన్నీ మూత్రపిండ వ్యాధుల్లాగే ఒక దారిలో పడేవి. మెదడు ట్యూమర్ల పరిస్థితి ఇంకా ఇబ్బందికరం. చాలా ఉద్ధృతమైన మెదడు ట్యూమరు గ్లయోబ్లాస్టోమాను నెక్రోసిస్ (కణజాలం చచ్చిపోవడం), రక్తనాళాల విపరీత పెరుగుదల ఆధారంగా మాత్రమే నిర్ధారిస్తున్నట్టు పాఠం చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 వర్గీకరణ ప్రకారం ఐడీహెచ్ జన్యువులో మార్పు ఉన్న ఆస్ట్రోసైటిక్ ట్యూమరు ఎంత ఉద్ధృతమైనా ఆస్ట్రోసైటోమా నాలుగో గ్రేడు అవుతుందే తప్ప గ్లయోబ్లాస్టోమా కాదు. అదే ఐడీహెచ్ మార్పు లేని పెద్దవారి ఆస్ట్రోసైటిక్ ట్యూమరులో టెర్ట్ జన్యువు ప్రమోటర్‌లో మార్పు, ఈజీఎఫ్‌ఆర్ జన్యువు విస్తరణ, ఏడో క్రోమోజోము పెరిగి పదోది పోవడం, వీటిలో ఏదైనా ఉంటే నెక్రోసిస్ కనిపించకపోయినా గ్లయోబ్లాస్టోమాయే. ఇది పాఠంలో ఒక వాక్యానికి మించి లేదు. అల్జీమర్స్, పార్కిన్సన్స్ భాగాలు బాగానే ఉండటం వల్ల ఈ లోపం మరింత ఎత్తి చూపినట్టయింది. పార్కిన్సన్స్‌లో దెబ్బతినే సబ్‌స్టాన్షియా నైగ్రా నలుపు తగ్గి పాలిపోయిన మధ్య మెదడు ముక్కను మామూలు ముక్క పక్కన పెట్టి చూపిన తీరు ఎవరికైనా గుర్తుండిపోతుంది.

స్లైడ్లు చూపించే సాఫ్ట్‌వేర్ వేగంగా, సాఫీగా పనిచేస్తుంది, రంగులు నమ్మదగినవిగా ఉన్నాయి. అయితే స్కాన్ ఒకే లోతులో చేసినందువల్ల ఫోకస్ మార్చుకునే వీలు లేదు. కోసిన కణజాలానికి అది పెద్ద అడ్డంకి కాదు గానీ, మందంగా పరుచుకున్న సైటాలజీ (విడి కణాల) స్మియర్లలో సగం కణాలు మసకగానే మిగిలిపోతాయి. క్షయ పాఠంలో జున్నులా కనిపించే కేసియస్ నెక్రోసిస్ చుట్టూ ఎపిథీలియాయిడ్ కణాలు, లాంగ్‌హాన్స్ జెయింట్ కణాలు ముచ్చటగా కనిపించినా, జీల్-నీల్సన్ రంగు వేసిన స్లైడ్‌లో క్షయ బాసిల్లస్‌ను వెతకడం దాదాపు అసాధ్యం. ఆయిల్ ఇమ్మర్షన్ లెన్సుతో చూడవలసినదాన్ని 40 రెట్ల లెన్సు స్కాన్‌లో చూపించబోతే జరిగేది అదే. అమిలాయిడ్ (కణజాలంలో పేరుకునే అసాధారణ ప్రోటీన్) స్లైడ్‌కూ ఇదే గతి పట్టింది. కాంగో రెడ్ రంగు కనిపిస్తుంది, పోలరైజ్డ్ కాంతిలో ఆ రంగు ఆపిల్ పచ్చగా మారడాన్ని విడి ఛాయాచిత్రంగా అతికించారు. ఫిల్టరు తిప్పుతూ మార్పును స్వయంగా చూసే అనుభవం అందులో లేదు. కాబట్టి దగ్గర్లో మైక్రోస్కోపూ స్లైడ్ పెట్టెలూ అందుబాటులో ఉన్నవారు ఆ రెంటినీ అక్కడే చూసుకోవడం మంచిది.

అధ్యాయాంతపు ప్రశ్నల విషయంలో, గుండె, మూత్రపిండాల ప్రశ్నలు పాఠం చెప్పనిదాన్ని ఊహించమని అడుగుతాయి, తప్పు జవాబు ఎందుకు తప్పో కూడా వివరిస్తాయి. లింఫోమా ప్రశ్నలు మార్కర్ పేరు అడిగి ఊరుకుంటాయి. స్లైడ్ల మీద విద్యార్థి గీసుకున్న గుర్తులనూ రాసుకున్న టిప్పణులనూ బయటికి దించుకునే సౌకర్యం లేదు. చందా గడువు తీరితే వాటికీ దారి మూసుకుపోతుంది. థైరాయిడ్ గుళిక చుట్టూ తిరిగి గుర్తుపెట్టిన ఆ చొరబాటు చోటును తెర ఫోటో తీసి విడిగా దాచుకోవడం ఒక్కటే ప్రస్తుతానికి ఉన్న ఉపాయం.